ఆశీలు రసీదు లైసెన్సు కాదు: నంద్యాల, ఆళ్లగడ్డ తోపుడు బండ్లవాళ్లు తెలుసుకోవాల్సింది

మున్సిపాలిటీ రోడ్డు మీద బండి పెడితే ఆశీలు కట్టాలన్నది మన ఊళ్లలో తాతల నాటి పద్ధతి. కొన్నిచోట్ల తైబజారు అంటారు. మన ఉర్దూ తహ్‌బజారీయే అది. మున్సిపాలిటీ వేలం పెడుతుంది, పాడుకున్న కాంట్రాక్టరు మనిషి వచ్చి రసీదు చింపి డబ్బు తీసుకుపోతాడు. రోజుకు 20 రూపాయలు అనుకున్నా ఏడాదికి 7,300. ఇంత కడుతున్నాం కదా, ఇక మనల్ని ఎవరు కదిలిస్తారులే అని చాలామంది ధీమా. ట్రాఫిక్‌కు అడ్డమని జేసీబీ వచ్చిన రోజు ఆ రసీదులు ఎవరూ చూడరు. అది జాగా వాడుకున్నందుకు ఆ రోజు కట్టిన రుసుము, అంతే. ఆ చోటు మీద మనకు హక్కుందని అందులో ఎక్కడా ఉండదు.

పనికొచ్చే కాగితం వేరే ఉంది. 2014 మే 1 నుంచి అమల్లో ఉన్న వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్. అంతకు ముందే, 1989లో సోదాన్ సింగ్ కేసులో, రోడ్డు పక్క అమ్ముకోవడం కూడా వ్యాపారం చేసుకునే ప్రాథమిక హక్కులో భాగమేనని, కాకపోతే దానికి నియంత్రణ ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియంత్రణ ఎలా ఉండాలో 2014 చట్టం రాసింది.

ఆ చట్టంలోని 3వ సెక్షన్ మనవాళ్లకు అందరికంటే ఎక్కువ అవసరం. ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత తరలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకెళ్తే జాబితా రాసి కాపీ చేతికివ్వాలి. రుసుము కట్టి అడిగితే, పండ్లూ కూరగాయల్లాంటివి అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. రంజాన్‌లో అప్పు తెచ్చి ఖర్జూరం దించుకున్నవాడికి ఈ ఒక్క నిబంధన తెలిస్తే ఎంత నష్టం తప్పుతుందో చెప్పనక్కర్లేదు. ఇంటాయన చనిపోయినా, మంచాన పడినా ఆ సర్టిఫికెట్ మీద భార్య గానీ, అతని మీద ఆధారపడిన పిల్లలు గానీ వ్యాపారం నడుపుకోవచ్చు. అద్దెకు మాత్రం ఇవ్వకూడదు.

ఎవరికి ఎక్కడ చోటివ్వాలో చూసేది టౌన్ వెండింగ్ కమిటీ. మున్సిపల్ కమిషనరే చైర్మన్. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. నా లెక్కలో అసలు లోటు ఇక్కడే. బండ్లు తీసేస్తే కౌన్సిలర్ ఇంటికి పరిగెత్తుతాం గానీ, కమిటీలో మన తరఫున ఎవరున్నారని ఎన్నడూ అడగం. జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు జోన్లలో చోటు చూపాలన్నది చట్టంలోని కొలమానం. 2011లోనే 2 లక్షలు దాటిన నంద్యాలకు అది 5,000 మంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయ్యాక ఊరికి వచ్చిపోయే జనం పెరిగారు, రోడ్లు మాత్రం అవే. నడిచేవాళ్ల ఇబ్బంది, అంబులెన్సు ఆగిపోవడం కూడా నిజమే. అందుకే అమ్మకూడని చోట్లు ప్రకటించే అధికారం చట్టం ఇచ్చింది. కాకపోతే ఆ గీత పద్ధతి ప్రకారం గీయాలి, రాత్రికి రాత్రి కాదు.

ఆళ్లగడ్డకు ఇంకో చిక్కుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి స్థలం మున్సిపాలిటీది కాదు. అక్కడ ఆక్రమణలు తీసే అధికారం 2002 చట్టం హైవే అధికారులకు ఇచ్చింది. టీ బండి అయినా, ఊరికి పేరు తెచ్చిన శిల్పాలు అమ్మే షెడ్డు అయినా, ముందు ఆ జాగా ఎవరిదో కనుక్కోవాలి. మున్సిపాలిటీదా, ఆర్ అండ్ బీదా, హైవేదా?

పీఎం స్వనిధి అప్పు తీసుకున్నవాళ్లు ఒకటి గమనించండి. సర్టిఫికెట్ లేకున్నా సిఫార్సు లేఖతో ఆ అప్పు ఇస్తారు. బ్యాంకుకు ఆ లేఖ చాలు గానీ, అది సర్టిఫికెట్ అయిపోదు. సర్వే జాబితాలో పేరుందో లేదో మున్సిపల్ ఆఫీసులో, మెప్మా సిబ్బంది దగ్గర అడగండి. లేకపోతే రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి.