కుందేళ్ల గురించి నేను పెట్టిన పాత వీడియో చూసి కొనేముందు ఇది చదవండి

 

రెండేళ్ల కిందట మన ఛానల్లో "ఇంట్లో రెండు కుందేళ్లు, పెరటికి ఉచిత ఎరువు" అని ఒక వీడియో పెట్టాను. దానికి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పది కుందేళ్లు తెచ్చుకుంటే ఇక ఆవు అక్కర్లేదు కదా, జీవామృతం వాటి పెంటతోనే కలుపుకోవచ్చు కదా" అని అడిగాడు. ఆ మాట నేను వీడియోలో అనలేదు. అలా అర్థమయ్యేట్టు మాత్రం చెప్పాను, అది నా తప్పే. అందుకే ఈసారి వీడియోతో పాటు రాసి కూడా పెడుతున్నా.

ముందు లెక్క చూద్దాం. మా ఇంట్లో రెండు పెద్ద కుందేళ్ల పెంటికలు నెల రోజులు విడిగా పోసి తూకం వేశాను. పచ్చివి ఆరు కిలోలు దాటలేదు. ఎండితే అందులో సగం కూడా ఉండవు. మన నాటు ఆవు ఒక్కరోజు వేసే పేడ సుమారు పది కిలోలు. అంటే రెండు కుందేళ్ల నెల కష్టం ఆవుకి ఒక పూట పని! రెండు వందల లీటర్ల జీవామృతం డ్రమ్ముకి పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం కావాలి కదా. ఎకరాల మీద చేసేవాళ్లకి కుందేలు ఏ మూలకీ రాదు. బరువుకి బరువు చూస్తే దాంట్లో నత్రజని ఆవు పేడ కంటే ఎక్కువే, ఒప్పుకుంటా. కోడి పెంటలాగా మాగబెట్టకుండా నేరుగా మొక్క మొదట్లో వేసినా మాడదు. పది కుండీలు, నాలుగు పాదులు ఉన్న పెరటికి బ్రహ్మాండంగా సరిపోతుంది. మా ఆనపపాదు, గులాబీలు దాని మీదే బతుకుతున్నాయి. అంతవరకే.

కాబట్టి ఎరువు కోసం కుందేలు వద్దు. కుందేలు అంటే ఇష్టం ఉండి పెంచుకుంటే ఎరువు కూడా వస్తుంది. ఈ తేడా నాకు తెలిసేసరికి ఒకటి చచ్చిపోయింది.

రోజువారీ పని ఎలా ఉంటుందో చెప్తా. పొద్దున అయిదున్నరకి లేవగానే నేను చూసేది కుందేలు మొహం కాదండీ, దాని కింద పడిన పెంటికలు. రాత్రంతా ఎన్ని పడ్డాయి, గుండ్రంగా ఉన్నాయా, చిన్నవైపోయాయా అని చూస్తా. అవి తగ్గాయంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే. కుందేలు వాంతి చేసుకోలేదు. పేగు కదలడం ఆగితే పొట్ట ఉబ్బి, పళ్లు కొరుక్కుంటూ ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది. పూట మేత మానేసిందంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆవు ఒకరోజు నెమరు తగ్గిస్తే మనం వామూ అల్లమూ పట్టి చూస్తాం. ఇక్కడ అంత టైము ఉండదు. ఇంకో మాట. తెల్లవారుజామున మెత్తటి ఉండలు అది నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. మా అమ్మ చూసి "ఛీ, దీనికేదో జబ్బు" అంది. జబ్బు కాదు, అది దాని పద్ధతి. మన ఆవు నెమరేసినట్టే అనుకోండి.

మేతలో ముప్పాతిక పైన గడ్డే ఉండాలి. గరిక కోసి నీడన ఆరబెట్టి ఎప్పుడూ ముందు వేసి ఉంచుతాం. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పైన ఒక పిడికెడు దశరథ గడ్డి, మునగాకు, తోటకూర. క్యారెట్టు సినిమాల్లో కుందేలు మేత, మా ఇంట్లో వారానికి ఒక ముక్క. క్యాబేజీ ఆకులు మార్కెట్లో ఊరికే వస్తాయని బుట్టలు నింపుకుని తేవద్దు. ఒకటి, పొట్ట ఉబ్బుతుంది. రెండు, దాని మీద ఎన్నిసార్లు మందు కొట్టారో మనకి తెలుసు, మనం తినం కదా. సుబాబుల్ గట్టున ఉంది కదా అని రోజూ వేయొద్దు, అందులోని మైమోసిన్‌కి వెంట్రుకలు రాలిపోతాయి. వేరుశనగ కట్టె వేస్తే బూజు లేకుండా చూసుకోండి, బూజు పట్టింది గేదెకి కూడా మంచిది కాదు, దీనికి ప్రాణమే పోతుంది.

ఇప్పుడు ఆ చచ్చిపోయినదాని సంగతి. మా పాప దానికి చిట్టి అని పేరు పెట్టుకుంది. జూన్‌లో బెండ మడిలో కలుపు పీకి, లేత గడ్డి కదా అని తెచ్చి వేశాను. ఆ మడి మీద రెండు రోజుల ముందు అగ్నిఅస్త్రం కొట్టాను. రసాయనం కాదు కదా అని ఆ ఆలోచనే రాలేదు నాకు. డిప్లొమా చదివినవాణ్ణి, అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉడకబెట్టి పోస్తామని ఊరందరికీ చెప్పేవాణ్ణి! సాయంత్రానికి చిట్టి మేత మానేసింది, తెల్లారేసరికి లేదు. అదే కారణమని డాక్టరు గారు తేల్చి చెప్పలేదు, ఆ వారం ఎండ కూడా దారుణంగా ఉంది. కానీ నా మనసుకి తెలుసు. పురుగుని చంపడానికి కాచిన కషాయం అది. రెండు కిలోల జంతువుకి ఏమీ కాదని నేనెలా అనుకున్నాను? బ్రహ్మాస్త్రంలో కొందరు ఉమ్మెత్త ఆకు కూడా వేస్తారు. మనం "విషం లేని సాగు" అని బోర్డు పెట్టుకుంటాం, మంచిదే. ఆ మాటని మనమే గుడ్డిగా నమ్మకూడదు. ఇప్పుడు కుందేలు మేతకి ఒక చిన్న మడి విడిగా ఉంది, దాని మీద ఏ అస్త్రమూ పడదు.

ఇంకో విషయం చెప్తే మన గ్రూపుల్లో కొందరికి కోపం రావచ్చు. మిగిలిన కుందేలుకి చెవుల్లో గజ్జి వచ్చింది. లోపల అట్టలు అట్టలుగా కట్టి, తల విదిలిస్తూ ఉండేది. వేపనూనె రాశాను, కానుగ నూనె రాశాను, పది రోజులు పోయాయి. అది గోక్కుని గోక్కుని రక్తం తెచ్చుకుంది. అప్పుడు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు ఐవర్‌మెక్టిన్ సూది వేశారు, రెండు వారాలకి ఇంకోటి. తగ్గిపోయింది. నా పొలంలో రసాయనం వద్దనేది నా నిర్ణయం. ఆ పది రోజులు నా పట్టుదలకి నొప్పి పడింది అది. పంటకి పెట్టుకున్న నియమం ప్రాణం మీద పెట్టకూడదని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. అలాగని ఇంట్లో ఉన్న మందులు మీరే వాడేయొద్దు. నోటి ద్వారా ఇచ్చే పెనిసిలిన్ రకం మందులు కుందేలుని చంపేస్తాయి. కుక్కల పేలకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా అంతే.

ఎండాకాలం గురించి మన పల్నాడు వాళ్లకి వేరే చెప్పాలా? కుందేలుకి మనలా చెమట పట్టదు, వేడంతా చెవుల్లోంచే పోవాలి. ముప్పై దాటితేనే దానికి ఇబ్బంది, ఇక్కడ మే నెలలో నలభై మూడు. బోను రేకుల షెడ్డు కింద పెట్టడమంటే పెనం మీద పెట్టడమే. మేము వేపచెట్టు కింద పెట్టి, చుట్టూ తడి గోనె పట్టాలు కట్టి, లోపల గడ్డకట్టిన నీళ్ల సీసా పెడతాం. మధ్యాహ్నం మూడుసార్లు పట్టాలు తడపాలి. ఆ పని మా ఆవిడ చేస్తుంది. నా వీడియోలో ఆ మాట లేదు, "శ్రమ లేదు" అని మాత్రం ఉంది. అది చూసి ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక వ్యాపారం. మాకు అమ్మినవాడు రెండూ ఆడవే అన్నాడు. తెచ్చిన కొన్నాళ్లకే గూట్లో ఆరు పిల్లలు. చూలు ముప్పై ఒక్క రోజులే, ఈనిన మర్నాడే మళ్లీ కట్టగలదు. ఈ వేగం చూపించే యూనిట్లు అమ్ముతారు. "పిల్లల్ని మేమే కొంటాం" అని కాగితం రాసి ఇస్తారు. మన వీడియోల కింద మాట్లాడే ఒక బాబాయ్ అలా డబ్బు కట్టాడు. మొదటి బ్యాచ్ తీసుకెళ్లారు, రెండోదానికి ఫోన్ ఎత్తలేదు. ఆయన దగ్గర అరవై కుందేళ్లు మిగిలాయి, కొనే దిక్కు లేదు. చివరికి అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చేశాడు. కొనేవాళ్లు మీ ఊళ్లో, మీ కళ్ల ముందు ఉన్నారా? లేకపోతే బోను కొనకండి. పొలంలో దొరికే చెవులపిల్లిని పట్టి పెంచుదామని కూడా అనుకోవద్దు, అది అడవి జంతువు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

మా పిల్లల్లో అయిదింటిని తెలిసిన ఇళ్లకి ఇచ్చాం, ఆడామగా కలవకుండా చూసి. ఒకటి ఉంచుకున్నాం, తల్లికి తోడు ఉంటుందని. పాత వీడియో టైటిల్ ఈరోజు మార్చేశాను. అది చూసి కుందేళ్లు తెచ్చుకుని ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి. అప్పటికి మేత కోయడం అయిపోతుంది.