లెక్క ఎవరు ఎగ్గొట్టారు?

మాది మాదిగపల్లె. అమ్మ మిరపకోతకు పోయేది. నాయన ఎరువు బస్తాలు మోసేవాడు. మా ఇంటి మొత్తానికి డిగ్రీ చదివింది నేనే మొదలు.

ఇంటర్లో బైపీసీ, డిగ్రీలో బీజెడ్‌సీ, అంతా తెలుగు మీడియమే. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయినయ్. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక క్వాంటం మెకానిక్స్ ఎదురైంది. సారు బోర్డు నిండా ష్రోడింగర్ 1926లో రాసిన సమీకరణం రాశాడు. అది అవకలన సమీకరణం. అవకలనమంటే ఏందో నాకు ఎవరూ చెప్పలేదు. లేచి అడిగాను.

"రిజర్వేషన్‌తో సీటొస్తది గానీ బుర్ర రాదు" అన్నాడు. క్లాసు క్లాసంతా నవ్వింది.

నా పక్కన కూర్చున్న పెద్దకులపు పిల్లోడిదీ బీజెడ్‌సీనే. వాడికీ ముక్క అర్థం కాలేదు. వాడికేమో లెక్కల్లో బేసిక్స్ లేవన్నారు. నాకేమో బుర్రే లేదన్నారు. అయ్యా, ఒకే తప్పుకి ఇద్దరికి రెండు పేర్లెందుకు పెట్టారు?

మా హాస్టల్లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివే మాలపల్లె అన్న ఒకాయన ఇంటర్ లెక్కల పుస్తకం తెచ్చి, రాత్రిళ్ళు కలనం చెప్పాడు. రెండు నెలలకు 'పెట్టెలో కణం' లెక్క నా చేత్తో నేనే చేశాను. పెట్టె పొడుగు పెరిగేకొద్దీ శక్తి మెట్ల మధ్య ఎడం తగ్గుద్ది.

పండుమిరప ఎరుపు వెనకాల ఉన్నదీ ఈ లెక్కే. ఆ ఎరుపుకి మూలం క్యాప్సాంథిన్. దాని అణువులో ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలు బారుగా ఉంటయ్. ఆ బారే ఎలక్ట్రాన్లకు పెట్టె. అది పొడుగైంది కాబట్టే నీలం వైపు వెలుగును పీల్చుకుంటది, మన కంటికి ఎరుపు మిగులుద్ది. అమ్మ చేతులు మండించిన కాయలో ఇంత సైన్సుందని సారు ఒక్క మాట చెబితే ఆ సమీకరణం నన్ను అంత భయపెట్టేదా?

ఇప్పుడు నేను సర్కారు బడిలో సైన్సు చెబుతున్నా. మెట్లు పీకేసి, మేడ ఎక్కలేకపోయాడని నవ్వడాన్నే మీరు మెరిట్ అంటున్నారు. బీజెడ్‌సీ పిల్లలకు సీటిచ్చే యూనివర్సిటీ ముందు వాళ్ళకు లెక్కలు చెప్పాలి. అది మీరు చేసే దయ కాదు, మాకున్న బాకీ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బోర్డు మీద తెలియని గుర్తు కనపడితే తల దించుకోకండి. లేచి అడగండి. నవ్వితే మళ్ళీ అడగండి.