ఫిర్యాదు కొట్టేశారు, అప్పీలు ఎక్కడ? ఉయ్యూరు నుంచి నేలపాడు దాకా

ఉయ్యూరు మండలంలో ఒక దళిత ఉద్యోగి ఉన్నారనుకుందాం. గ్రామ సచివాలయంలోనో, మండల పరిషత్ ఆఫీసులోనో పని. పై అధికారి సీటు మార్చాడు, లీవు ఆపాడు, అందరూ చేసే చిన్న పొరపాటుకు ఈమెకు మాత్రం మెమో ఇచ్చాడు, ఒకరోజు కులం పేరెత్తి మాట జారాడు. ఆమె ధైర్యం చేసి మచిలీపట్నంలోని జిల్లా అధికారికి ఫిర్యాదు రాసింది. కొన్ని నెలలకు జవాబొచ్చింది. విచారణ జరిపించాం, ఆరోపణలు రుజువు కాలేదు అని ఒకే ఒక్క వాక్యం. దీని మీద ఆమె అప్పీలు ఎవరికి చేసుకోవాలి?

రూల్సు పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. రాష్ట్ర ఉద్యోగులకు వర్తించే 1991 నాటి సీసీఏ రూల్స్‌లో అప్పీలు హక్కు ఉన్నది ప్రధానంగా శిక్ష పడిన ఉద్యోగికి. ఇంక్రిమెంటు ఆపినా, సస్పెండ్ చేసినా, ఉద్యోగం తీసేసినా, ఆర్డరు చేతికందిన మూడు నెలల్లోపు పై అథారిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు. ఫిర్యాదు కొట్టేయడం ఆ రూల్స్ లెక్కలో శిక్ష కాదు. అంటే వివక్ష చూపాడన్న ఆరోపణ మీద చర్య తీసుకుంటే ఆ అధికారికి అప్పీలుంది. చర్య తీసుకోకపోతే ఫిర్యాదుదారుకు లేదు.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం వచ్చాక ఆఫీసుల్లో కమిటీ తప్పనిసరి అయింది. ఆ కమిటీ నిర్ణయం మీద 90 రోజుల్లో అప్పీలుకు వెళ్ళే హక్కూ వచ్చింది. కులవివక్షకు అలాంటి కమిటీ చట్టం మన దగ్గర లేదు. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగి వివక్ష ఫిర్యాదును సొంత శాఖ తోసిపుచ్చితే, తుది ఉత్తర్వు అందిన 30 రోజుల్లో శాఖతో సంబంధం లేని కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ వ్యవస్థ గొప్పగా పనిచేస్తుందని చెప్పడం లేదు. కనీసం తలుపు ఎక్కడుందో కాగితం మీద రాసిపెట్టి ఉంది.

ఈ ఖాళీలో పడిన ఒక ఉద్యోగి కేసు దేశమంతటినీ కుదిపింది. మహారాష్ట్రలోని కరాడ్‌లో ప్రభుత్వ ఫార్మసీ కాలేజీ స్టోర్‌కీపర్ ఆయన. నిజాయితీ, నడవడిక బాగాలేవని ఇద్దరు పై అధికారులు ఆయన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో రాశారు. దళితుణ్ణని అలా రాశారంటూ 2006లో అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. ఆ అధికారులను ప్రాసిక్యూట్ చేసేందుకు పోలీసులు అనుమతి అడిగితే, 2011లో సాంకేతిక విద్య డైరెక్టర్ నిరాకరించారు. స్టోర్‌కీపర్ అక్కడ ఆగలేదు. ఆ ఇద్దరూ క్లాస్ వన్ అధికారులు, వాళ్ళ విషయంలో అనుమతి ఇవ్వాలన్నా నిరాకరించాలన్నా రాష్ట్ర ప్రభుత్వానికే అధికారం, డైరెక్టర్‌కు లేదు అంటూ 2016లో డైరెక్టర్ మీదే కేసు పెట్టారు.

అదే సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేయడంతో సరిపెట్టలేదు. ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందస్తు అనుమతి అంటూ చట్టానికే కళ్ళెం వేసింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చింది. 2019 అక్టోబరులో కోర్టు తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది, 2020 ఫిబ్రవరిలో 18ఏను సమర్థించింది. ఆ బంద్ గురించి మన సభల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. దానికి మూలం ఒక గుమాస్తా స్థాయి ఉద్యోగి సర్వీసు ఫైలు అన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది.

ఆయన వేసిన ప్రశ్న ఇప్పటికీ పనికొస్తుంది: నా ఫిర్యాదు కొట్టేసిన వ్యక్తికి అసలు కొట్టేసే అధికారం ఉందా? ఉయ్యూరు ఉద్యోగి కూడా మొదట అడగాల్సింది అదే. ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆ అధికారి కింద పనిచేసేవారి చేతే విచారణ చేయించి ఉంటే, ఆ నివేదికను తప్పుపట్టడానికి అదొక్కటే బలమైన కారణం. అయితే నివేదిక చేతిలో ఉండాలి. విచారణ నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు, నోట్‌ఫైలు సమాచార హక్కు కింద అడగాలి. 30 రోజుల్లో ఇవ్వకపోయినా, ఇవ్వమన్నా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. ఫిర్యాదు మీద లేని అప్పీలు, ఫిర్యాదు ఫైలు మీద ఉంది.

ఇక తిట్టు సంగతి. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన కరుప్పుదయార్ తీర్పును ఉద్యోగ సంఘాలవాళ్ళు తప్పక చదవాలి. తమిళనాడులోని లాల్గుడిలో ఒక దళిత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను పట్టా పని మీద వచ్చిన వ్యక్తి ఆఫీసులోనే కులం పేరుతో దూషించాడన్నది ఆరోపణ. అది ఆఫీసు నాలుగు గోడల మధ్య జరిగింది, సహోద్యోగులు తర్వాత వచ్చారు, కాబట్టి ప్రజల దృష్టిలో పడేచోట జరిగినట్టు కాదు అంటూ కోర్టు కేసు కొట్టేసింది. ప్రభుత్వ ఆఫీసు ప్రజలది కాకపోతే ఎవరిదని అడగాలనిపిస్తుంది. కానీ ఫిర్యాదు రాసే చేయి కోపంతో పాటు ఈ తీర్పునూ గుర్తుపెట్టుకోవాలి. ఆ క్షణాన గదిలో అటెండరు ఉన్నాడా, అర్జీదారులు వరండాలో వింటున్నారా, తలుపు తెరిచి ఉందా అన్నది మొదటి కాగితంలోనే ఉండాలి. తర్వాత చేరిస్తే అల్లిందంటారు.

నిజానికి ఆఫీసులో కులం ఎక్కువగా కాగితం మీదే నడుస్తుంది. పెద్ద అధికారులు తిట్టరు, రాస్తారు. అట్రాసిటీ చట్టం 3(1)(క్యూ) ఇలాంటి రాతల కోసమే ఉంది. ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇచ్చి, అతని అధికారంతో దళితులకు హాని చేయించడం నేరం. కరాడ్ స్టోర్‌కీపర్ కేసులోనూ దీని పాత రూపాన్నే వాడారు. దీన్ని రుజువు చేయడం కష్టమే. అందుకే ప్రతికూల రాతను రాతగానే విడిగా ఎదుర్కోవాలి. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెమోకు గడువులోపు జవాబివ్వాలి, శిక్ష పడితే మూడు నెలలు దాటకుండా అప్పీలు పెట్టాలి. వివక్ష ఫిర్యాదు తేలేదాకా ఆగుదామనుకుంటే ఈ గడువు చేజారుతుంది.

పోలీసులు కేసు కట్టకపోతే అర్జీని జిల్లా ఎస్పీకి పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక సురక్షా సంహితలో ఒక మార్పు గమనించదగ్గది. ప్రభుత్వోద్యోగి ప్రాసిక్యూషన్‌కు అనుమతిపై 120 రోజుల్లో నిర్ణయం తీసుకోకపోతే ఇచ్చినట్టే లెక్క. కరాడ్ కేసులో మాదిరిగా ఏళ్ళు గడవడానికి కొంత అడ్డుకట్ట.

మిగిలింది హైకోర్టు. రాష్ట్ర ఉద్యోగుల కోసం ఉన్న అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ రద్దయిపోయింది. కాబట్టి ఉయ్యూరు ఉద్యోగి విజయవాడ మీదుగా నేలపాడు వెళ్ళి రిట్ వేయాలి. అక్కడ చాలాసార్లు వచ్చే ఆదేశం, వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించండి అని. పరిశీలించేది మళ్ళీ అదే ఆఫీసు. అందుకే పిటిషన్‌లోనే వేరే శాఖ అధికారితో విచారణ కావాలని స్పష్టంగా అడగాలి.

పత్రికలకెక్కితే? డాక్టర్ సుధాకర్ గుర్తున్నారు కదా. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యులు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవని కెమెరా ముందు అన్నారు, సస్పెండయ్యారు. మే 16న విశాఖలో చేతులు వెనక్కి కట్టిన ఆయన దృశ్యాలు అందరూ చూశారు. హైకోర్టు మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాదికి, 2021 మే 21న, ఆయన చనిపోయారు. ఉద్యోగి నోరు మూయించడానికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సస్పెండ్ చేస్తే, చార్జిషీటు లేకుండా మూడు నెలలు దాటించకూడదన్న 2015 అజయ్ కుమార్ చౌదరి తీర్పును అప్పీలులో మొదటి పేరాలోనే పెట్టాలి.

ఇంతా చెప్పుకున్నది సర్వీసు రిజిస్టరు ఉన్నవాళ్ళ గురించి. తెల్లవారకముందే ఉయ్యూరు వీధులు ఊడ్చే కార్మికులది వేరే లెక్క. 2020లో పెట్టిన ఆప్కాస్ లాంటి అవుట్‌సోర్సింగ్ ఏర్పాట్ల కింద పనిచేసేవారికి సీసీఏ రూల్స్ వర్తించవు. మేస్త్రి రేపటి నుంచి రావద్దంటే దాని మీద అప్పీలుకు కాగితమే ఉండదు. వారికి చేతిలో మిగిలింది అట్రాసిటీ చట్టం, కార్మిక శాఖ ఆఫీసు, యూనియన్.