చేరినవాళ్ళు నిలవాలంటే...

ఏమండీ వదినలూ! ఇంట్లోంచే ఆన్‌లైన్లో వంటో, కుట్టుపనో నేర్పి నెల చందా తీసుకుందామనుకుంటున్నారా? 2020లో తెలుగు సినిమాల 'ఆహా' ఏడాదికి 365 రూపాయలంటూ వచ్చింది. అంటే రోజుకు రూపాయి! ధర అలా ఇట్టే గుర్తుండాలి.

ధర చూసి చేరతారు, సరే. నిలిచేదెలా? నా వంట పాఠాల్లో ఇరవైమంది చేరితే రెండో నెలకి ఆరుగురే మిగిలారు. ఫోన్ చేసి అడిగితే, "నువ్వు చెప్పుకుపోవడమే గానీ మమ్మల్ని నోరెత్తనిచ్చావటే?" అంది మా పిన్ని. అప్పట్నుంచి శనివారం శనివారం వాళ్ళు చేసిన వంటల ఫొటోలు, మాడినవాటితో సహా, గ్రూపులో పెట్టమన్నాను. ఒకరికొకరు చిట్కాలు చెప్పుకున్నారు. తోడికోడళ్ళనీ, పక్కింటివాళ్ళనీ వాళ్ళే చేర్పించారు.

మానేస్తామన్నవాళ్ళని మాత్రం బలవంతపెట్టకండి. నవ్వుతూ పంపిస్తేనే మళ్ళీ వస్తారు.