అద్దం బ్యాకప్పు కాదు

చిన్న ఆఫీసులు నడిపే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫైళ్ళు అందరం పంచుకోవడానికీ, బ్యాకప్పుకీ కలిపి ఒక నాస్ పెట్టె కొందామనుకుంటున్నాం. రెండు డిస్కులది మంచిదా, నాలుగు డిస్కులదా?"

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. ప్రశ్నలోనే తప్పుంది. "పంచుకోవడానికీ, బ్యాకప్పుకీ కలిపి" అన్న ఆ ఒక్క మాటలోనే ప్రమాదమంతా ఉంది. అమ్మేవాడు ఆ మాట అన్నాడంటే అది అతని వ్యాపారం. కొనేవాళ్ళు కూడా దాన్ని వేదవాక్యంలా వల్లించడమే నా బాధ.

పంచుకోవడానికి అలాంటి పెట్టె అవసరమే, కాదనను. ఒకే పుస్తకం నాలుగు కంప్యూటర్లలో "ఫైనల్", "ఫైనల్ 2", "లేటెస్ట్ ఫైనల్" అన్న పేర్లతో తిరుగుతుంటే పడే పాట్లు నాకు తెలియనివి కావు. అందరి ఫైళ్ళూ ఒక్కచోట ఉంటే ఆ గందరగోళం పోతుంది. నా అభ్యంతరం ఆ పెట్టె మీద కాదు. దాన్ని చూసుకుని మనం తెచ్చుకునే ధీమా మీద.

ఆ ధీమాకు ఆధారం రెయిడ్ అన్న పద్ధతి. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అన్న ముగ్గురు ఒక పరిశోధనపత్రంలో దానికి ఆ పేరు పెట్టారు. చవకైన డిస్కులను కొన్నిటిని జతచేసి, వాటిలో ఒకటి చెడినా పని ఆగకుండా చూడటం దాని ఉద్దేశం. రెండు డిస్కుల పెట్టెలో సాధారణంగా ఉండే ఏర్పాటుకు "మిర్రర్" అని పేరు. అంటే అద్దం. ఒక డిస్కులో ఏది రాస్తే రెండోదానిలోనూ అదే రాయబడుతుంది. ఒకదానిలో ఏది చెరిపితే రెండోదానిలోనూ అదే చెరిగిపోతుంది. అద్దం ముందు నిలబడినవాడు వెళ్ళిపోతే అద్దంలో ఏం మిగులుతుంది?

ఇది నాకు పుస్తకాలు చదివి అబ్బిన జ్ఞానం కాదు. నేను ఒకప్పుడు పనిచేసిన చిన్న ప్రచురణ కార్యాలయంలో ఇలాంటి రెండు డిస్కుల పెట్టే ఉండేది. ఒక పెద్దాయన వ్యాస సంపుటి అచ్చుకు సిద్ధమవుతోంది. ఆయన మూడుసార్లు స్వయంగా వచ్చి, మా బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర సిరాతో ప్రూఫులు దిద్దారు. ఆ దిద్దుబాట్లన్నీ ఫైళ్ళలోకి ఎక్కించాం. ఎక్కించాక ఆ కాగితాలను చిత్తుకాగితాల వాడికి తూచి ఇచ్చేశాం. పెట్టెలో భద్రంగా ఉన్నాయి కదా!

ఒకరోజు చోటు చాలడం లేదని మాలో ఒకరు పాత ఫోల్డర్లు తీసేశారు. వాటితోపాటు ఆ పుస్తకమూ పోయింది. సంగతి మూడు వారాల తర్వాతగానీ బయటపడలేదు. పెట్టెలోని చెత్తబుట్ట వారానికోసారి దానంతటదే ఖాళీ అయ్యేట్టు మేమే పెట్టుకున్నాం. అప్పటికి రెండు నెలల క్రితమే ఆ పెద్దాయన కాలం చేశారు. ఎవరి ఈమెయిల్లోనో దొరికిన మొదటి ప్రూఫుతోనే పుస్తకం వేశాం. ఆయన కొట్టేసిన వాక్యాలు అందులో ఉన్నాయి, చేర్చినవి లేవు. చదివినవాళ్ళు ఆ తప్పులన్నీ ఆయనవే అనుకుంటారు. ఇంత జరిగినా పెట్టె మాత్రం చెడిపోలేదు. దాని ఆకుపచ్చ దీపాలు రెండూ నిక్షేపంగా వెలుగుతూనే ఉన్నాయి.

"మా వాళ్ళు జాగ్రత్తపరులు, అలా చెరపరు" అంటారా? చెరిపేది మనవాళ్ళే కానక్కరలేదు. 2017 మేలో వానాక్రై అన్న పురుగు ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది పాకింది విండోస్ యంత్రాలు ఫైళ్ళు పంచుకునే దారిలోని లోపం గుండానే. ఆ లోపానికి మందు రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోనివాళ్ళు వేసుకోలేదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అన్నది ఏకంగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్ పెట్టెల్లోకే చొరబడి, ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. డిస్కులు నాలుగుంటే నాలుగింటికీ తాళమే.

"మాది చిన్న ఆఫీసు గనక ఇలా. పెద్దవాళ్ళు ఇలాంటి పొరపాట్లు చేస్తారా?" అనేవారికి దక్షిణ కొరియా సంగతి చెప్పాలి. అక్కడి ప్రభుత్వోద్యోగులు ఆఫీసు ఫైళ్ళు దాచుకుని పంచుకోవడానికి జీ-డ్రైవ్ అన్న ఏర్పాటు ఉండేది. మనిషికి 30 జీబీ చోటు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. 858 టెరాబైట్ల ఫైళ్ళు బూడిదయ్యాయి. వేరేచోట ప్రతి లేదు. కారణం ఏం చెప్పారో తెలుసా? పరిమాణం మరీ పెద్దది గనక బ్యాకప్పు కుదరలేదట! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు.

"అయితే క్లౌడులో పెడతాం" అని మరికొందరు. పెట్టండి. కానీ ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయే సింకు కూడా అద్దమే, కాస్త దూరాన వేలాడదీసిన అద్దం. పైగా ఇల్లు పరాయివాడిది. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడిన సంగతి, ఉచిత చోటుల్లో రాసుకునే మనకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

తాళపత్రాల కాలం వాళ్ళకు ఈ సూత్రం తెలుసు. ఒక గ్రంథం మిగిలిందంటే, వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు లేఖకులు ప్రతులు రాసుకోబట్టే. బ్రౌను దొర పండితులను పెట్టి ప్రతులు సేకరించి పోల్చి చూడగలిగాడంటే, అవి వేర్వేరు ఇళ్ళలో ఉండబట్టే. ఒక ఇంట్లో చెదలు తిన్నది ఇంకో ఇంట్లో దక్కేది.

కనుక నాలుగు డిస్కుల పెట్టె కొనే స్తోమతు ఉంటే రెండు డిస్కులదే కొనండి. మిగిలిన డబ్బుతో విడిగా రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు తీసుకోండి. వారం విడిచి వారం వాటిని మార్చి మార్చి తగిలించి ప్రతి తీయండి. ఒకటి ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి, ఆఫీసులో కాదు. పెట్టెకు స్నాప్‌షాట్ సదుపాయం ఉందో లేదో కొనే ముందే అడగండి. ఉంటే కనీసం రెండు నెలల వెనక్కి వెళ్ళగలిగేట్టు పెట్టుకోండి. చెరిపే అధికారం అందరికీ ఇవ్వకండి. పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి.

అన్నిటికన్నా ముఖ్యం, నెలకోసారి ఆ ప్రతిలోంచి ఒక ఫైలు తీసి వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. మన పేజ్‌మేకరు ఫైళ్ళ సంగతి మీకు తెలిసిందే, పాత ఫాంటు లేకపోతే తెలుగు తెలుగులా ఉండదు. ఫైలు దక్కి అక్షరం దక్కకపోతే ఏం లాభం? ఫాంట్లను కూడా ఫైళ్ళతోనే దాచండి. తెరిచి చూడని బ్యాకప్పు ఒట్టి నమ్మకం మాత్రమే.

ఇకమీదట ఎవరైనా "ఏ పెట్టె మంచిది?" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే. "మూడు వారాల క్రితం చెరిగిపోయిన ఫైలును ఈరోజు నాకు తెచ్చి చూపించగలరా?" చూపించగలిగితే మీరు కొన్నది ఏ పెట్టె అయినా మంచిదే. చూపించలేకపోతే, దయచేసి ఆ ఎర్ర సిరా కాగితాలను మాత్రం చిత్తుకు వేయకండి.