బయోడేటాలో ఖాళీగా వున్న ఐదేళ్లు

2024 చివర్లో ఒక మధ్యాహ్నం ఉప్పాడలో ఒక చేనేత కుటుంబం ఇంటి అరుగు మీద కూర్చుని వున్నాను. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇంటి అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. కాకినాడలో ఒక బట్టల దుకాణంలో సూపర్‌వైజర్ ఉద్యోగం కోసం రాసుకున్న బయోడేటా అది. "ఇంగ్లీషు తప్పులుంటే దిద్దండి మేడంగారండీ" అంది. తప్పులు పెద్దగా లేవు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, 2019లో బీకాం. ఆ కింద 'అనుభవం' అన్నచోట మాత్రం ఒక అడ్డగీత.

"ఈ ఐదేళ్లూ ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"ఏం లేదండీ. ఇంటికాడే వున్నానండి."

ఈ జవాబు మనలో ఎవరికీ కొత్త కాదు. ఏ ఊరు వెళ్లినా, ఏ ఇంటి ముందు కూర్చున్నా వినే జవాబే. కాని ఆ రోజు తీరిక వుండి, ఏడాది తర్వాత ఏడాది అడుగుతూ పోయాను. తండ్రితో పాటు మగ్గం మీద కూర్చుంది. జాందానీ చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదు. బుటా ఎక్కడ వస్తే అక్కడ రంగు దారాన్ని చేత్తో పడుగులోకి ఎక్కించాలి. మామూలుగా మగ్గానికి ఇద్దరు కూర్చుంటారు. ఆ రెండో మనిషి ఈమె. కండెలు చుట్టింది, తెగిన పోగులు అతికింది. రాత్రిపూట జాకెట్లు కుట్టింది. డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసింది. రెండేళ్లకు పైగా ఒక ఏజెన్సీ కోసం కాకినాడ, పిఠాపురం, తుని వెళ్లి, కొనడానికి వచ్చినట్టు దుకాణాల్లోకి, పెట్రోలు బంకుల్లోకి పోయి అక్కడి మర్యాద, శుభ్రత, బిల్లు, తూకం చూసి ఫోనులో రిపోర్టు పంపింది. దాన్ని 'మిస్టరీ షాపింగ్' అంటారట. ఒక్కో రిపోర్టుకు ఇంత అని ఇచ్చేవారు. ఇవన్నీ కాక, ఒక స్వచ్ఛంద సంస్థ చేసిన సర్వేలో 47 రోజులు మత్స్యకారుల పేటల్లో ఇల్లిల్లూ తిరిగింది.

"ఆ సర్వే చేసినట్టు సంస్థవాళ్లు కాగితం ఏమైనా ఇచ్చారా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి వూరుకుంది. ఎందుకంటే ఆ సర్వే చేయించింది మా సంస్థే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నవ్వు.

ఐదేళ్లలో ఐదారు పనులు చేసిన మనిషి తన జీవితం ఎదుట అడ్డగీత ఎందుకు గీసుకుంటుంది? ఆత్మవిశ్వాసం లేక అని మనం తేలిగ్గా అనేస్తాం. వ్యక్తిత్వ వికాసం క్లాసు ఒకటి పెడితే సరిపోతుందనుకుంటాం. కాని ఆ గీత ఆమె గీసింది కాదు. మన సమాజం, మన చట్టాలు, మన లెక్కలు ఆమె చేత గీయించినది.

గోదావరి జిల్లాల వాళ్లకు దీని సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించింది. రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లుతున్న స్త్రీలను అందరూ 'ఇంట్లో వుండే ఆడవాళ్లు' అనే పిలిచేవారు. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడయ్యేది. వ్యాపారం చేసే మగవాళ్లు ఎగుమతిదారులు అనిపించుకునేవారు. అల్లిన వాళ్లు మాత్రం గృహిణులే. గృహిణి అన్న ఆ ఒక్క మాట వల్లే కూలి అంత తక్కువగా ఇవ్వడం సాధ్యమైందని ఆమె వాదన. ఖాళీ సమయంలో చేసుకునే పనికి పూర్తి కూలి ఎందుకు, అనేది వ్యాపారి లెక్క.

నర్సాపురం నుంచి ఉప్పాడకు వస్తే లేసు పోయి జాందానీ వస్తుంది. లెక్క మారదు. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరకు గుర్తింపు వచ్చింది గాని మగ్గం మీది రెండో మనిషికి రాలేదు. 2019-20 చేనేత గణన దేశంలో 35 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులను లెక్కపెడితే వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే అని తేలింది. అయినా ఆ ఇంట్లో చేనేత గుర్తింపు కార్డు ఎవరి పేరున వుందని అడిగితే తండ్రి పేరే చెప్పారు. ముప్ఫై ఏళ్లుగా అదే మగ్గం పని చేస్తున్న తల్లి "నాకెందుకమ్మా కార్డు, ఆయన కార్డు వుందిగా" అంది.

ప్రభుత్వ లెక్కలదీ అదే దారి. 2011 జనాభా లెక్కల్లో ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకు మించి పని చేసినవారు ప్రధాన శ్రామికులు, అంతకన్నా తక్కువ చేసినవారు ఉపాంత శ్రామికులు. మూడు నెలలు ఒక పని, పది రోజులు ఇంకో పని, మధ్యలో కాన్పు, మధ్యలో అత్తగారి జబ్బు, ఇలా ముక్కలుగా బతికే స్త్రీని ఎన్యూమరేటరు "పని చేస్తారా?" అని అడిగితే ఇంట్లోని మగవాళ్లు "చెయ్యదు" అని చెప్పేస్తారు. ఇక 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనికే అయిదు గంటలు పోయాక మిగిలిన సందుల్లోనే ఆమె సంపాదించాలి. అందుకే ఆమె పని ముక్కలు ముక్కలుగా వుంటుంది. అది ఆమె నిలకడలేనితనం కాదు.

ఇప్పుడు ఇటువంటి పనికి 'ఫ్రీలాన్స్' అనే కొత్త పేరు వచ్చింది. మాటలో 'ఫ్రీ' వుంది. కాని స్వేచ్ఛ ఎవరిది? పని వున్నప్పుడు పిలిచి, లేనప్పుడు మరిచిపోయే స్వేచ్ఛ ఏజెన్సీది. బస్సు చార్జీ, ఫోను ఖర్చు, ఎండ మాత్రం అమ్మాయివి. ఒకసారి పెట్రోలు బంకు రిపోర్టులో ఫొటో మసకగా వుందని మొత్తం రిపోర్టు తిప్పికొట్టారట. ఆ రోజు ప్రయాణం దండగ. ఇది తెలిసే ఆమె దాన్ని ఉద్యోగం అనలేదు. అలాగని అది పని కాకుండా పోతుందా?

కాగితం వుంటే ఏమవుతుందో బీడీ కార్మికుల చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టేవారిని కూడా ఉద్యోగులుగానే నిర్వచించింది. 1985లో సుప్రీంకోర్టు వారికి భవిష్యనిధి వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పి.ఎఫ్. ఖాతా వున్నవారే అర్హులయ్యారు. అదే బీడీ, అదే తునికాకు, అదే నడుం నొప్పి. నంబరు వున్న స్త్రీకి భృతి వచ్చింది, నంబరు లేని స్త్రీకి రాలేదు. శ్రమకు రుజువు అంటే ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

మిగిలిన వారికి ఆ పాటి రుజువు కూడా లేదు. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన మాదిరి నిబంధనల్లో పని మానేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్ పొందే హక్కు రాశారు. కాని అది శాశ్వత కార్మికులకే వుండేది. ఇంటి దగ్గర పనిచేసేవారిని మిగతా కార్మికులతో సమానంగా చూడాలంటూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో గృహాధారిత కార్మికులు, గిగ్ కార్మికులు అన్న నిర్వచనాలు వున్నాయి. నిర్వచనంలోకి రావాలంటే ముందు ఆ పని చేశానని చూపించుకోగలగాలి కదా.

అందుకని ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి, నేను కలిసి ఆ గీత కొట్టేసి మళ్లీ రాశాం. ఎలా రాశామో చెబుతాను. గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలకు పనికొస్తుంది.

మొదట, చిన్న చిన్న పనులన్నీ విడివిడిగా కాకుండా 'స్వతంత్ర పని, 2019 నుంచి 2024' అని ఒకే శీర్షిక కింద పెట్టాం. అప్పుడు మధ్యలో ఖాళీ కనిపించదు, దాచిపెట్టినదీ వుండదు. మిస్టరీ షాపింగ్ గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త వుంది. ఏ దుకాణానికి వెళ్లారో బయటపెట్టకూడదని ఏజెన్సీలు సంతకం పెట్టించుకుంటాయి. కాబట్టి దుకాణాల పేర్లు రాయకూడదు. ఏ రకం దుకాణాలు, ఎన్ని రిపోర్టులు, ఎంత కాలం అన్నది రాస్తే చాలు. ఏజెన్సీ పేరు చెప్పవచ్చునా అన్నది సంతకం పెట్టిన ఒప్పందం చదివి తేల్చుకోవాలి. రిపోర్టులు ఎన్నో బ్యాంకు పాసుబుక్కులో పడిన డబ్బులు చూసి లెక్కపెట్టాం. 112 వచ్చాయి. పాసుబుక్కే రుజువు. పనిలో పనిగా ఇంకో మాట. ఈ పని ఇస్తామని ముందు డబ్బు కట్టమనేవాళ్లు మోసగాళ్లు. కార్యకర్తలు ఈ సంగతి అమ్మాయిలకు తప్పక చెప్పాలి.

రెండోది, పని పేరు కన్నా ఆ పనిలో చేసింది ఏమిటో రాశాం. 'కస్టమర్‌తో ఎలా మెలుగుతున్నారో గమనించి, అదే రోజు రాతపూర్వక నివేదిక ఇవ్వడం' అని రాస్తే సూపర్‌వైజర్ కోసం చూసేవారికి అర్థమవుతుంది. జాందానీ గురించి 'ఇంటి పనిలో సహాయం' అని రాయబోతే ఆపాను. 'జాందానీ నేత, కుటుంబ మగ్గం, ఐదేళ్లు' అని రాయించాను. బట్టల దుకాణంలో జాందానీ చీర నాణ్యత చేత్తో పట్టుకుని చెప్పగలిగిన మనిషి ఎంత మంది వుంటారు?

మూడోది, లేనిది ఒక్క ముక్క కూడా రాయలేదు. మేనేజరు, కన్సల్టెంటు లాంటి పెద్ద మాటలు వద్దనుకున్నాం. మన స్త్రీల అనుభవానికి అబద్ధం అరువు అక్కర్లేదు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. మా సహచరుల్లోనే ఒకరు అన్నారు: "దోపిడీ పనిని అందంగా రాసి పెట్టడం నేర్పిస్తున్నావు. మనం అడగాల్సింది కనీస వేతనం, బయోడేటా కాదు." మాట నిజమే. బయోడేటా రాసినంత మాత్రాన కూలి పెరగదు. కాని రాయని శ్రమకు కూలి పెంచమని అడిగేదెలా? 1972లో అహ్మదాబాదులో 'సేవా' సంఘాన్ని రిజిస్టరు చేయించబోతే మీకు యజమాని లేడు, మీరు కార్మికులెలా అవుతారని కార్మిక శాఖ అభ్యంతరం పెట్టింది. మేము పనిచేస్తున్నాం అని వాదించి ఆ స్త్రీలు ముందు కార్మికులు అనిపించుకున్నారు. కూలి బేరం దాని తర్వాతే. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక కూడా అసంఘటిత స్త్రీలను కార్మికులుగా గుర్తించాలనే అడిగింది. ఆ గుర్తింపు జాతీయ స్థాయిలో ఒక నివేదిక. ఉప్పాడలో ఒక కాగితం.

ఇక మన సంగతి. స్త్రీల శ్రమకు గుర్తింపు లేదని సభల్లో మాట్లాడే సంస్థలు తమ సర్వేలకు, ప్రచార యాత్రలకు, శిక్షణ శిబిరాలకు గ్రామాల అమ్మాయిలను ఎలా వాడుకుంటున్నాయి? 'వాలంటీరు' అంటాం, 'గౌరవ వేతనం' అంటాం. ప్రాజెక్టు అయిపోగానే చేతులు దులుపుకుంటాం. నిధులిచ్చిన వారికి పంపే నివేదికలో ఎన్ని ఇళ్లు తిరిగామో వుంటుంది, తిరిగిన కాళ్లు ఎవరివో వుండదు. షావుకారు చేసే పనికీ దీనికీ తేడా ఎంత?

ఒక్క రోజు పని చేయించుకున్నా సరే, లెటర్‌హెడ్ మీద పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు, ఏ పని, ఎంత చెల్లించాం అనే అయిదు వివరాలతో కాగితం ఇవ్వాలి. అడిగినప్పుడు కాదు, ఆఖరి రోజు డబ్బుతో పాటే ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. సంతకం పెట్టే మనసు వుంటే చాలు.

మా కార్యాలయంలో పాత మస్టర్లు తీసి ఆ అమ్మాయి 47 రోజులకు కాగితం రాసి ఇచ్చాను. అదే మస్టరులో ఇంకా పదకొండు మంది పేర్లున్నాయి. కార్యవర్గ సమావేశంలో పెట్టి వాళ్లకూ ఇచ్చాం. ఇద్దరు పెళ్లిళ్లయి వేరే ఊళ్లు వెళ్లారు. వాళ్లకు పోస్టులో పంపాం.

కాకినాడ దుకాణంలో ఆ ఉద్యోగం ఆ అమ్మాయికి రాలేదు. వేరేవాళ్లను తీసుకున్నారు. కాని ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని అడిగితే పావుగంట చెప్పానని ఆమె నాతో అంది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి డిగ్రీ సర్టిఫికెట్ పక్కన దాచుకుంది. ఏటేటా సముద్రం కోసుకుపోయే ఊరు అది. ఆటు పోటు పెరిగినప్పుడల్లా అక్కడి వాళ్లు ముందు కాగితాల పెట్టె చేతికి తీసుకుంటారు. ఆ పెట్టెలో ఆడవాళ్ల పని గురించిన కాగితం ఒక్కటైనా వుండేలా చూడటం మన బాధ్యత.