పద్దెనిమిదేళ్ల చేతికి ఎన్ని హార్స్‌పవర్?

షోరూముకు వచ్చిన కుర్రవాడు ముందుగా పికప్ గురించి అడుగుతాడు. పక్కనున్న తండ్రి మైలేజ్ గురించి అడుగుతాడు. ఈ తేడాను నవ్వి వదిలేస్తాం కానీ, మన లైసెన్సు విధానం పట్టించుకోవలసింది సరిగ్గా దీన్నే.

వేగం మీద మోజు ఈ తరంతో పుట్టింది కాదు. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చినప్పుడు దాని మీద ఊరేగిన కుర్రాళ్లు ఇప్పటివాళ్లకంటే నెమ్మదస్తులేం కాదు. వాళ్ల చేతికి అందింది 11 హార్స్‌పవర్, అంతే. 2001లో పల్సర్‌తో ఆ లెక్క మారడం మొదలైంది. 2012లో వచ్చిన కేటీఎం 200 డ్యూక్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది, మరుసటి ఏడాది 390 డ్యూక్ దాన్ని 40 దాటించింది. బుల్లెట్ 350కి ఉన్నది సుమారు 20. అయినా చాలామంది తల్లిదండ్రులు బుల్లెట్ పెద్ద బండని భయపడి, ‘రెండొందల సీసీయే కదా’ అని డ్యూక్‌కు ఒప్పుకుంటారు. సీసీని చూస్తారు, తేలికైన బండికి ఆ శక్తి ఇచ్చే దూకుడును చూడరు.

నలభై దాటినవాళ్లకు శక్తి అక్కర్లేదని కాదు. వెనక భార్యనో బిడ్డనో కూర్చోబెట్టుకుని, మాటిమాటికీ గేరు మార్చకుండా ఘాట్‌రోడ్డు ఎక్కగలగాలి. అవసరమైనప్పుడు లారీని దాటడానికి బండిలో ఇంకా సత్తువ ఉందన్న భరోసా కావాలి. కుర్రవాడికి ఆ శక్తి తక్షణం ఒంటికి తెలియాలి, పక్కవాడికీ తెలియాలి. ఈ రెండోదే ప్రమాదకరం. అమెరికా పరిశోధకులు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. తోటివాళ్లు చూస్తున్నప్పుడు టీనేజీ పిల్లలు తెగింపు బాగా పెంచారు, పెద్దల్లో ఆ తేడా దాదాపు లేదు. ట్రిపుల్ రైడింగ్‌లో, రీల్స్ కోసం తీసే వీడియోల్లో మనం చూస్తున్నది ఇదే.

అలాగని వయసు ఒక్కటే కాపాడుతుందనుకోవడం పొరపాటు. అమెరికాలో మోటార్‌సైకిల్ మృతుల్లో యాభై దాటినవారు 1975లో 3 శాతం, ఇటీవలి సంవత్సరాల్లో మూడో వంతుకు పైగా. చేతిలో డబ్బుండి, యవ్వనంలో వదిలేసిన సరదాను పెద్ద బండితో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా పెరుగుతున్నారు. తలకు నిదానం వచ్చినా చేతికి అభ్యాసం లేకపోతే లాభం లేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద ఉన్నవారే. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుంది. అయినా మన చట్టం ప్రకారం 18 నిండి, ఆర్టీవో ఆఫీసు మైదానంలో వంద సీసీ బండి మీద ఎనిమిది వేసి చూపిస్తే, మర్నాడే వెయ్యి సీసీ బండి ఎక్కవచ్చు. మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు 2011లో కన్నుమూసింది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద జరిగిన 1000 సీసీ బండి ప్రమాదం వల్లే. వయసు పంతొమ్మిదేళ్లు.

యూరప్‌లో 2013 నుంచి మెట్లున్నాయి. అక్కడి ఉమ్మడి నిబంధనల ప్రకారం, మొదట 125 సీసీ, 15 హార్స్‌పవర్. పద్దెనిమిదేళ్లకు 47 హార్స్‌పవర్ వరకు. రెండేళ్లు నడిపాక మళ్లీ పరీక్ష లేదా శిక్షణ, ఆ తర్వాతే పరిమితి లేని బండి. అలా కాక నేరుగా దానికే వెళ్లాలంటే 24 ఏళ్లు నిండాలి. తయారీదారులు ఆ మెట్లకు తగ్గట్టు బండ్లు చేస్తున్నారు. మనకూ ఆ మెట్లు కావాలి. వాటిని సీసీని బట్టి కాక హార్స్‌పవర్‌ను, బరువును బట్టి నిర్ణయించాలి. పెద్ద బండికి వెళ్లే ప్రతి ఒక్కరికీ, ఇరవై అయినా యాభై అయినా, ఆ తరగతి బండి మీదే పరీక్ష పెట్టాలి. ఆ లైసెన్సు చూడకుండా షోరూము తాళం ఇవ్వకూడదు.